ఇంటిపేరులో మిగిలిన పని

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, నాతోపాటు ఈ బడిలో పాఠాలు చెప్పిన మిత్రులకు, ఇక్కడ చదువుకొని వెళ్లిన పిల్లలందరికీ నమస్కారం. పిల్లలు అన్నందుకు ఏమీ అనుకోకండి. ముందు వరసలో కూర్చున్న కొందరికి నాకంటే ఎక్కువ తెల్ల వెంట్రుకలున్నాయి. కానీ మీ పేర్లు నా మనసులో హాజరుపట్టీ వరసలోనే ఉన్నాయి. ఆ వరసలో అందరూ పిల్లలే.

కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, మీ ఇష్టమున్న విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. తెలుగు సారు కదా, పోతన గురించో పాల్కురికి గురించో చెప్తాడని మీరు అనుకొని ఉంటారు. నేను ఒక జర్మన్ ఇంటిపేరు గురించి చెప్తాను. ఆ ఇంటిపేరు షుల్జ్. పాతబస్తీలో ఈ బడి ఆవరణలో నిలబడి జర్మన్ ఇంటిపేరు గురించి ఎందుకయ్యా అంటే, దానికి కారణం మన బడి పూర్వ విద్యార్థి ఒకాయన. ఇంకా సరిగ్గా చెప్పాలంటే కారణం నేనే. ఆ సంగతి చివర చెప్తాను.

ఆయన ఇప్పుడు జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊళ్లో ఉన్నాడు. పోయిన సంవత్సరం ఒక ఆదివారం పొద్దున ఫోన్ చేశాడు. క్షేమ సమాచారాలు అయ్యాక అన్నాడు: "సార్, ఈడ ఇంటి ముందర గంట బటన్ పక్కన ఇంటిపేరు రాసుంటది. ఫ్లాట్ నంబరుండదు, మనిషి పేరుండదు. ఉత్త ఇంటిపేరే. మా బిల్డింగుల ఆరు పేర్లున్నయి. నా పేరుకు కింద ముల్లర్, పైన షుల్జ్. ఆ షుల్జ్ అనే పెద్దమనిషి నన్ను మెట్లమీద ఆపి, మీ ఇంటిపేరుకు అర్థమేంది అని అడిగిండు. నేను చెప్పలేకపోయిన సార్. ఆయన పేరుకు అర్థం ఆయనకు తెలుసు. నా పేరుకు అర్థం నాకు తెలిసీ చెప్పబుద్ధి కాలేదు."

ఆ ఫోన్ పెట్టేసిన తర్వాత నాకు చాలాసేపు ఏమీ తోచలేదు. తెలిసీ చెప్పబుద్ధి కాకపోవడం అన్నమాట నన్ను పట్టుకుంది. ఆ రోజు నుంచి ఇంటిపేర్ల మీద దొరికింది దొరికినట్టు చదివాను. అందులోంచి కొంత మీ ముందు పెడతాను.

ముందు షుల్జ్ సంగతి. పాత జర్మన్ భాషలో ఈ మాట రూపం షుల్ట్‌హైస్. ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది షుల్డ్, అంటే బాకీ, చెల్లించవలసిన బాధ్యత. రెండోది హైసెన్, అంటే ఆజ్ఞాపించడం. రెండూ కలిపితే, ఎవరి బాకీ వాళ్లు కట్టండి అని ఆజ్ఞాపించేవాడు. అతను దొర తరఫున ఊరి మీద అధికారి. శిస్తు వసూలు చేసేవాడు, ఊరి పంచాయితీలో తీర్పు కూడా చెప్పేవాడు. జర్మన్లు తూర్పు దిక్కుకు వలసపోయి కొత్త ఊళ్లు కట్టుకున్న పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో, జనాన్ని వెంటబెట్టుకొని వచ్చి ఊరు నిలబెట్టినవాడికే చాలాచోట్ల ఈ పదవి దక్కేది. తండ్రి తర్వాత కొడుక్కి వచ్చేది.

ఈ వర్ణన వింటుంటే మీకు ఎవరు గుర్తొస్తున్నారు? తెలంగాణ పల్లె నుంచి వచ్చినవాళ్లకు వెంటనే మాలి పటేల్ గుర్తొస్తాడు. నిజాం కాలపు ఊళ్లో ముగ్గురు అధికారులుండేవారు. శిస్తు వసూలుకు మాలి పటేల్, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్, లెక్కలకు పట్వారీ. అవి కూడా వంశపారంపర్యమే. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి కాగితాలన్నీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. మాలి పటేల్‌లో ఉన్న 'మాల్' అంటే భూమిశిస్తు. షుల్డ్ నుంచి షుల్జ్ వచ్చినట్టు, మాల్ నుంచి మాలి పటేల్. మన తెలుగులో సుంకం నుంచి సుంకరి వచ్చిందీ ఇలాగే. వసూలయ్యే సొమ్ము పేరే వసూలు చేసే మనిషికి అంటుకుంది.

జర్మనీలో ప్రాంతాన్ని బట్టి ఈ ఒక్క పేరు పది రకాలుగా మారింది. షుల్జ్, షుల్జె, షుల్టె, షుల్ట్‌హైస్, షోల్జ్. 2021 నుంచి 2025 దాకా జర్మనీ చాన్సలర్‌గా పనిచేసిన ఓలాఫ్ షోల్జ్ పేరు మీరు వార్తల్లో విని ఉంటారు. ఆయన ఇంటిపేరుకూ అర్థం ఇదే. పోలండ్‌లో ఈ మాట సోల్తిస్ అయింది. అక్కడ ఈనాటికీ గ్రామపెద్దను సోల్తిస్ అనే పిలుస్తారు. అంటే ఒక సరిహద్దు ఇవతల పదవి పోయి పేరు మిగిలింది, అవతల పదవీ మిగిలింది.

ఈ పేర్లు ఎలా స్థిరపడ్డాయో చూద్దాం. మధ్యయుగాల మొదట్లో యూరప్‌లో సామాన్యుడికి ఒకటే పేరు. హాన్స్ అంటే హాన్స్. ఊరు చిన్నది కాబట్టి సరిపోయేది. పన్నెండో శతాబ్దం నుంచి పట్నాలు పెరిగాయి. ఒక్క వీధిలో నలుగురు హాన్స్‌లు తేలారు. పన్ను చిట్టా రాసే గుమాస్తాకు తంటా వచ్చింది. ఏ హాన్స్ అని అడిగితే, పిండిమర హాన్స్ అని ఒకరు చెప్పారు, కొలిమి హాన్స్ అని ఇంకొకరు చెప్పారు. గుమాస్తా అది రాసుకున్నాడు. అలా పిండిమర నడిపేవాడు ముల్లర్ అయ్యాడు. కమ్మరి ష్మిట్ అయ్యాడు. దర్జీ ష్నైడర్, నేతగాడు వేబర్, జాలరి ఫిషర్, రొట్టెలు కాల్చేవాడు బెకర్, బండి చక్రాలు చేసేవాడు వాగ్నర్. మొదట్లో కొడుకు పని మారితే పేరూ మారేది. పోను పోను చిట్టాలో ఉన్న పేరే కొడుక్కీ మనవడికీ నిలిచిపోయింది. కొందరికి మాత్రం స్థిరమైన ఇంటిపేరు చాలా ఆలస్యంగా, చట్టం వల్ల వచ్చింది. ప్రష్యాలో యూదులందరూ స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని 1812లో శాసనం చేశారు. 1876 నుంచి జర్మనీ అంతటా జనన మరణాలు ప్రభుత్వ రిజిస్టర్లోకి ఎక్కడంతో అక్షరాలు కూడా గట్టిపడ్డాయి. ఆనాటి గుమాస్తా ఒక అక్షరం ఎక్కువ రాస్తే ఈనాటికీ ఆ కుటుంబానికి ఆ అక్షరం ఎక్కువే.

గుమాస్తా అన్న మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఇప్పుడు జర్మనీలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ముల్లర్, దాని తర్వాత ష్మిట్. మనకు బాగా తెలిసిన ముల్లర్ మాక్స్‌ముల్లర్. సాయణ భాష్యంతో కలిపి ఋగ్వేదాన్ని 1849 నుంచి 1874 దాకా పాతికేళ్లు శ్రమపడి అచ్చువేయించినవాడు. మన పండితులు ఆయన్ని ముద్దుగా మోక్షమూలర్ భట్టు అన్నారు. ఆయనా ఆ పేరును సంతోషంగా స్వీకరించి తన ఋగ్వేదం ముఖపత్రం మీద సంస్కృతంలో అలాగే వేసుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌ను గోతీర్థం అన్నాడు, జర్మనీని శార్మణ్య దేశం అన్నాడు. మోక్షానికి మూలం అని మనం అర్థం చెప్పుకున్నాం కానీ, అసలు అర్థం పిండిమర నడిపేవాడు. పోనీ ఆయన వంశంలో పిండిమర ఉందా? ఆయన తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ కవి. తాత దర్జీ. అంటే పిండిమరవాడనే పేరున్న దర్జీకి కవి పుట్టాడు, ఆ కవికి వేదపండితుడు పుట్టాడు. పేరు మాత్రం ఎప్పటిదో ఒక ముత్తాత పిండిమర దగ్గరే ఆగిపోయింది.

నాకు ఇక్కడ ఒక విషయం తట్టింది. ఇంటిపేరు మన గురించి ఏమీ చెప్పదు. ఏనాడో ఒకరోజు ఒక గుమాస్తా కలం పట్టుకున్నప్పుడు మన పూర్వీకుడు ఏ పనిలో ఉన్నాడో చెప్తుంది. అంతే. ఫోటో లాంటిది. ఫోటో తీసిన మరునాడే ఆ మనిషి పని మార్చుకొని ఉండవచ్చు.

2000 సంవత్సరం చుట్టుపక్కల ఈ బడిలో చదివినవాళ్లకు షూమాకర్ గుర్తుంటాడు. ఫార్ములా వన్ కారు పందేల్లో ఏడుసార్లు ప్రపంచ విజేత. ఎర్రకారు పక్కన నిలబడ్డ అతని బొమ్మ మీ నోటు పుస్తకాల అట్టల మీద ఉండేది. ఆ బొమ్మల కోసం మీరు కొట్లాడుకుంటే నేను తిట్టాను కూడా. షూమాకర్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆ సంగతి మీకు తెలియదు. తెలిసినా ఆ బొమ్మ చింపేవాళ్లు కాదు. కానీ అదే మాట తెలుగులో ఇంటిపేరుగా ఉన్న పిల్లవాడు మీ బెంచీలో కూర్చుంటే ఏం జరిగేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తేడా దగ్గరికి వెళ్లేముందు మరో షుల్జ్‌ను పరిచయం చేయాలి. ఆయనకు మనం రుణపడి ఉన్నాం. బెంజమిన్ షుల్జ్ 1689లో బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలో పుట్టాడు. మతప్రచారానికి 1719లో తమిళదేశపు తీరంలోని తరంగంబాడికి వచ్చాడు. 1726లో మద్రాసు చేరి, 1743 దాకా అక్కడే ఉన్నాడు. మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు, తెలుగుకు లాటిన్‌లో వ్యాకరణం రాశాడు. ఆరోగ్యం బాగాలేక స్వదేశం తిరిగి వెళ్లి హాలె అనే ఊళ్లో స్థిరపడ్డాడు. అక్కడ 1746, 1747లో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు అక్షరాలతో అచ్చయిన తొలి పుస్తకాలుగా మన ముద్రణ చరిత్రలో చెప్పుకొనేవి అవే. మన అక్షరం సీసపు అచ్చులోకి మొదట ఎక్కింది మద్రాసులో కాదు, బందరులో కాదు, జర్మనీలో. మన పూర్వ విద్యార్థి ఉంటున్న ఊరికి హాలె దగ్గరే.

పాతబస్తీవాళ్లు వినవలసింది ఇంకొకటుంది. తెలుగు పుస్తకాలకు ముందే, 1745లో, అదే హాలెలో అదే షుల్జ్ హిందుస్తానీ వ్యాకరణం ఒకటి లాటిన్‌లో అచ్చువేయించాడు. ఆయన మద్రాసు వీధుల్లో నేర్చుకున్న ఆ హిందుస్తానీ ఢిల్లీ భాష కాదు, దక్షిణాది భాష. మన చార్మినార్ చుట్టూ వినబడే దక్కనీకి అక్కలాంటిది. ఒక్క బడి గంట కింద తెలుగు సెక్షనూ ఉర్దూ సెక్షనూ నడిచిన రోజులు చూసినవాళ్లం మనం. ఆ రెండు భాషలనూ ఒక్క చేత్తో అచ్చులోకి ఎక్కించినవాడి ఇంటిపేరు షుల్జ్. ఆయన ఏ ఊరి శిస్తూ వసూలు చేయలేదు. పూర్వం ఎవరో చేశారు, పేరు ఈయన దాకా వచ్చింది.

ఇక మన ఊరికి వద్దాం. ఇంటిపేరు అన్న మాట మనకుంది కానీ, మన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఊరి పేరు. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఊరి పేరు బూర్గుల వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. ఊరి తర్వాతి స్థానం పనిది. రాయసం అంటే రాజుగారి దగ్గర రాతపని. కరణం అంటే లెక్కలు. తలారి అంటే ఊరి కావలి. అవుసుల అంటే బంగారం పని. వడ్ల అంటే కొయ్యపని. తాపీ ధర్మారావుగారి ఇంటిపేరు చూడండి, మేస్త్రీ చేతిలోని పనిముట్టే పేరైంది.

మన బడి చుట్టూ నడవండి. గౌలిపురా, గౌలిగూడ. గౌలి అంటే పశువుల్ని సాకి పాలు అమ్మేవాడు. దబీర్‌పురా. దబీర్ అంటే ఫార్సీలో రాతపని చేసేవాడు, మన రాయసం. ఉర్దూ సెక్షన్ హాజరుపట్టీలో అత్తార్ ఉండేవాడు, సర్రాఫ్ ఉండేవాడు. అత్తరు చేసేవాడు, నాణేలు మార్చేవాడు. చార్మినార్ దగ్గర మాల్‌వాలా ప్యాలెస్ అని ఒక దేవిడీ ఉండేది. కొయ్య స్తంభాలు, నగిషీ పనితో చూడముచ్చటగా ఉండేదని చూసినవాళ్లు చెప్తారు. ఇప్పుడు దానిలో చాలాభాగం లేదు. నిజాముల దగ్గర దఫ్తర్-ఎ-మాల్, అంటే భూమిశిస్తు రికార్డుల దఫ్తర్ చూసిన కాయస్థ కుటుంబం వాళ్లది. అందుకే మాల్‌వాలా. జర్మనీలో షుల్జ్‌కు చార్మినార్ నీడలో ఇంతకంటే దగ్గరి చుట్టం నాకు దొరకలేదు.

సిటీ పోలీసు కమీషనర్‌గా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారిని జనం ఈనాటికీ కొత్వాల్ వెంకటరామారెడ్డి అనే అంటారు. పదవి ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. అది గౌరవం. ఎవరూ దాన్ని తుడిచేయాలని అనుకోరు.

ఇప్పుడు అసలు మాట. విస్నూర్ దేశ్‌ముఖ్ పేరు మీరు విన్నారు. ఆ దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పొలంలో పంట తాను కోసుకున్న తల్లి పేరూ విన్నారు. చాకలి ఐలమ్మ. ఆమె ఇంటిపేరు చిట్యాల. అయినా చరిత్రలో ఆమె చాకలి ఐలమ్మే. ఒక్కసారి ఆలోచించండి. దేశ్‌ముఖ్ అన్నది పని పేరే. పరగణాలో శిస్తు వసూలు చేసే పని. చాకలి అన్నదీ పని పేరే. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరికీ ముందున్నవి పని పేర్లే. ఒకటి పలికితే ఊరు లేచి నిలబడింది. రెండోది పలికినప్పుడు పలికినవాడి గొంతులో చులకన ఉండేది. వసూలు చేసే పనులు బిరుదులయ్యాయి, ఒళ్లు వంచే పనులు తిట్లయ్యాయి. ఆమె చేసిన పోరాటం వల్ల ఆ తిట్టు తిరగబడి గౌరవమైంది. ఇవాళ కోఠీ మహిళా విశ్వవిద్యాలయం మీద ఆమె పేరు ఆ మాటతో సహా ఉంది.

జర్మనీలో కూడా ఒకప్పుడు పనుల్లో ఎక్కువ తక్కువలు లేకపోలేదు. కానీ అక్కడ పేరు ఒకచోట ఆగింది, మనిషి ముందుకు నడిచాడు. ముల్లర్ కొడుకు దర్జీ అయ్యాడు, దర్జీ కొడుకు కవి అయ్యాడు. ఇక్కడ పేరు ఆగింది, మనిషినీ అక్కడే ఆపారు. కొడుకు అదే పని చేయాలన్నారు. చదువుకొని వేరే పనిలోకి వచ్చినా పేరు పట్టుకొని వెనక్కి లాగారు. అందుకే షూమాకర్‌కు బరువు లేని మాట మన పిల్లవాడికి బరువైంది. తప్పు పేరులో లేదు. పేరు వినగానే మనిషిని కొలిచే చెవిలో ఉంది.

ఇక నా సంగతి.

నేను ఈ బడిలో చేరిన మొదటి సంవత్సరాల్లో జూన్ నెల వచ్చిందంటే అడ్మిషన్ రిజిస్టర్ నా ముందు పెట్టేవారు. నా చేతిరాత బాగుంటుందని. ఆ గర్వం నాకు కూడా ఉండేది. ఒకరోజు వరండాలో బారు చాలా పొడుగ్గా ఉంది. వాన. ఒకాయన తడిసి వచ్చాడు, వెంట కొడుకు. ఇబ్రహీంపట్నం వైపు పల్లె నుంచి వచ్చి పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో మూటలు మోసే పనిలో ఉన్నాడు. పిల్లవాడి పేరు అడిగాను, చెప్పాడు. తర్వాత ఇంటిపేరు అడగాలి. నేను అడిగింది, "ఎవరోళ్లు మీరు?"

ఆయన తల వంచి, "నీరటోళ్లం సార్" అన్నాడు.

నేను అందమైన అక్షరాలతో 'నీరటి' అని రాశాను. తర్వాతివాణ్ణి పిలిచాను.

వాళ్ల ఇంటిపేరు అది కాదు. అసలుది వేరే ఉంది, ఇక్కడ చెప్పను. నేను ఇంటిపేరు అడగలేదు. ఎవరోళ్లు అని అడిగాను. ఆయన అడిగినదానికి జవాబు చెప్పాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద జర్మనీలో ఆ గుమాస్తా చేసిన పనే నేను చేశాను. తేడా ఏమిటంటే నేను బి.ఎడ్. చదివి చేశాను.

ఆ రాత పదో తరగతి మెమో మీదికి ఎక్కింది, అక్కడి నుంచి డిగ్రీకి, పాస్‌పోర్టుకు. ఊళ్లో పొలం పాసుబుక్కులో తండ్రి పేరు ముందు అసలు ఇంటిపేరుంది. వేరే బడిలో చేరిన తమ్ముడికీ అసలు ఇంటిపేరే ఉంది. ఒక్క తల్లి పిల్లలు కాగితాల మీద రెండు ఇళ్లవాళ్లయ్యారు. జర్మనీకి వెళ్లేముందు ఈ తేడా వల్ల వాళ్లు ఎన్ని దఫ్తర్లు తిరిగారో తర్వాత తెలిసింది. ఆ రోజుల్లో ఒకసారి అతను మా ఇంటికి వచ్చాడు. రిజిస్టర్ పేజీ ఫోటో ఫోన్లో చూపించాడు. "సార్, ఇది మీ చేతిరాతే గదా" అన్నాడు. కోపంగా అనలేదు. గుర్తుపట్టిన సంతోషంతో అన్నాడు. అది నాకు ఇంకా కష్టమైంది.

చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయంలో గెజిట్ వేయించి పేరు మార్చుకోవచ్చని చెప్పాను. ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. "చూద్దాం సార్" అని వెళ్లాడు. ఆ తర్వాత మాగ్డెబర్గ్ నుంచి వచ్చిందే నేను మొదట చెప్పిన ఫోన్.

ఆ ఫోన్ వచ్చిన వారానికి నేను తిరిగి ఫోన్ చేశాను. షుల్జ్ అంటే ఏమిటో చెప్పాను, ముల్లర్ అంటే ఏమిటో చెప్పాను. తర్వాత నీరటి గురించి చెప్పాను. మీలో పట్నంలో పుట్టినవాళ్ల కోసం ఇక్కడా చెప్తాను. తెలంగాణ పల్లె అంటే చెరువు. చెరువుకు తూము. తూము ఎత్తి, ఏ మడికి ఎంత నీరు, ఏ పొద్దున, ఏ రాత్రి అని పంచేవాడు నీరటి. కాలువ కట్ట మీద చేతిలో పారతో తిరిగేవాడు. పటేల్ పొలమైనా పేదవాడి మడైనా వంతు ప్రకారం నీళ్లు మళ్లించడం అతని బాధ్యత. ఊరి రైతులు పంటకాలంలో అతనికి ధాన్యం కొలిచి ఇచ్చేవారు. చెరువు సగమే నిండిన సంవత్సరం ఊరు కొట్లాడుకోకుండా ఉండాలంటే అతని లెక్క తప్పకూడదు. చదువు లేకుండా ఆ లెక్క అతను నోటితో చేసేవాడు. ఊరికి అంత అవసరమైన మనిషిని ఊరు కింద కూర్చోబెట్టింది. అది ఊరి తప్పు.

ఇదంతా విని అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అంటే సార్, మా బిల్డింగుల మీదున్నాయన వసూలు చేసెటోడు, కిందాయన పిండి పట్టెటోడు, నడుమ నేను నీళ్లు పంచెటోణ్ణి." నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం షుల్జ్‌గారికి అర్థం చెప్పాడట. ఆ పెద్దమనిషి, "మీవాళ్ల పని మావాళ్ల పని కంటే మంచిది" అన్నాడట.

ఇప్పుడు అతను పేరు మార్చుకుంటాడా, ఉంచుకుంటాడా అని మీరు అడగవచ్చు. నేను కూడా అడిగాను. "నాయిన్ని అడుగుత సార్. ఆయన ఇంటిపేరు ఆయనను అడగకుండనే మారింది. ఈసారి అడిగే చేస్త" అన్నాడు. తండ్రి ఇంకా ఆలోచిస్తున్నాడు. ఏ నిర్ణయం తీసుకున్నా అది వాళ్లది. ఉంచుకుంటే నా తప్పు ఒప్పైపోయిందని నేను అనుకోను. మార్చుకుంటే నీరటి అన్న మాటకు సిగ్గుపడ్డారని మీరు అనుకోవద్దు. అడగకుండా పెట్టిన పేరును అడిగి దిద్దుకోవడం వాళ్ల హక్కు.

మిత్రులారా, ఈ సభలో ఉపాధ్యాయులున్నారు. దఫ్తర్లలో పనిచేసేవాళ్లున్నారు, బ్యాంకులో ఫారాలు నింపించేవాళ్లున్నారు. ఈ రోజుల్లో రిజిస్టర్ కంప్యూటర్లోకి పోయింది. కలానికి బదులు కీబోర్డు వచ్చింది. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషిని ఏ మాటతో అడుగుతున్నాం అన్నది మారలేదు. 'ఎవరోళ్లు' అని అడిగితే కులం వస్తుంది. 'ఏం చేస్తరు' అని అడిగితే పని వస్తుంది. 'మీ ఇంటిపేరు ఏం రాయమంటరు' అని అడిగితేనే ఇంటిపేరు వస్తుంది. రాసిన తర్వాత ఒకసారి చదివి వినిపించండి. అర నిమిషం పడుతుంది. నేను ఆ అర నిమిషం మిగుల్చుకున్నాను, ఒక కుటుంబానికి ఏళ్లు పట్టింది.

పూర్వ విద్యార్థులకు ఒక మాట. మీ ఇంటిపేరుకు అర్థమేమిటో ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి. పటేల్ అని తేలితే పొంగిపోకండి, అది మీరు చేసిన వసూలు కాదు. కమ్మరి అనో కుమ్మరి అనో తేలితే తల దించకండి. మీ ఊరి నాగలి కర్రు, మీ ఊరి నీళ్ల కుండ ఆ పేరులోంచే వచ్చాయి. పక్క బెంచీవాడి ఇంటిపేరుకు అర్థం తెలిస్తే, వాడి ముత్తాత చేసిన పని గురించి ఇంకొంచెం చెప్పమని అడగండి.

చివరగా, ఈ మాటలన్నీ సావనీరులో అచ్చవుతాయని కార్యదర్శి చెప్పారు. ఒక ప్రతి మాగ్డెబర్గ్‌కు, ఒక ప్రతి పత్తర్‌గట్టికి పంపమని కోరాను. పత్తర్‌గట్టికి నేనే తీసుకెళ్తాను. ఆ పెద్దమనిషి ఎదురుగా కూర్చొని, ఆ రోజు వానలో అడగవలసిన ప్రశ్న అడిగి వస్తాను.